మీరడిగారు: దేవాలా కొండల్లో బంగారం ఏమైంది?

రెండు నెలల కిందట ఇదే శీర్షికలో ఎవరో ఊటీ చుట్టుపక్కల చూడాల్సినవి అడిగితే, నీలగిరి జిల్లా దేవాలా దగ్గర టీ తోటల్లో బ్రిటిష్ వాళ్ల కాలం నాటి బంగారు గనుల సొరంగాలు ఇంకా ఉన్నాయి అని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికే గుంటూరు నించి, విజయవాడ నించి, చుట్టుపక్కల ఊళ్ల నించి బోలెడన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి. మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి పెట్టి ఈసారి మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు నించి ఒక పాఠకురాలు): మేం దసరా సెలవులకి ఊటీ వెళ్లి అటునించి గూడలూరు మీదుగా వయనాడ్ వెళ్లామండి. దేవాలా దగ్గర వాన బాగా ఎక్కువైపోతే ఒక టీ కొట్టు దగ్గర కారు ఆపాం. మా అత్తయ్యగారు చెన్నైలో పెరిగారు, తమిళం వచ్చు, ఆ కొట్టాయనతో మాట కలిపితే వెనకాల తోటలో తెల్లదొరలు తవ్విన బంగారు గని ఉందని చెప్పాడంట. పిల్లలు గోల చేస్తే గొడుగులు వేసుకుని దూరం నించే చూశాం, మనిషి వంగి పోయేంత బొక్క, చుట్టూ నాచు, లోపల నించి నీళ్లు కారుతున్నాయి, చల్లగాలి వస్తోంది. మావారు "కొండను తవ్వి ఎలుకను పట్టారు" అని నవ్వేశారు. నిజంగా అక్కడ బంగారం ఉందా? ఎవరు తవ్వారు, ఎందుకు వదిలేశారు?

జవాబు: అమ్మా, మీవారికి చెప్పండి, ఆ కొండలో ఉన్నది ఎలుక కాదు, బంగారమే. ఇప్పటికీ ఉంది. బంగారం లేక ఆ గనులు మూతపడలేదు, ఎంత ఉందో సరిగ్గా తేల్చుకోకుండానే డబ్బు గుమ్మరించడం వల్ల మూతపడ్డాయి. ఈ తేడా తెలియకపోతే ఆ కథ మొత్తం అర్థం కాదు.

మీరు ఆగిన ఊరు, పక్కనే ఉన్న పందలూరు, ఇవన్నీ 1877 దాకా మలబార్ జిల్లా కింద ఉండేవి, ఆ తర్వాత నీలగిరిలో కలిపారు. పాత కాగితాల్లో ఆగ్నేయ వయనాడ్ అని ఉంటుంది. నైరుతి వాన అరేబియా సముద్రం మీద నించి వచ్చి నేరుగా గుద్దుకునే కొండలివి, అందుకే ఎండే ఎరగనంత దట్టమైన అడవి ఉండేది, ఇప్పుడు మీకు పచ్చగా దువ్వినట్టు కనపడే టీ తోటల్లో చాలా భాగం ఒకప్పుడు ఆ అడవే. బంగారాన్ని మొదట బయటపెట్టింది కూడా ఆ వానే. కొండ లోపల పలుగురాయి చారలు చారలుగా ఉంటుంది, అందులో బంగారం కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది. వేల ఏళ్లు వాన పడీ పడీ పై రాయి కుళ్లిపోయి మట్టవుతుంది, బరువైన బంగారపు రజను వాగుల్లోకి జారి అక్కడక్కడా ఇసకలో ఆగిపోతుంది. అలా అలా కిందికి నిలంబూరు దగ్గర చాలియార్ నది ఇసకలోకి కూడా పోతుంది.

ఆ ఇసక కడిగి బంగారం తీసినవాళ్లు అక్కడి ఆదివాసులు, పనియలు, కురుంబలు. తెల్లవాళ్లు రాకముందు నించీ తీస్తున్నారు. ఎలా తీసేవాళ్లో తెలుసుకోవాలంటే దేవాలా దాకా వెళ్లక్కర్లేదు. విజయవాడ వన్ టౌన్‌లో బంగారప్పని చేసే సందుల్లో కొట్లు తెరవకముందే ఎప్పుడన్నా వెళ్లి చూడండి, కొట్ల ముందు ఊడ్చిన దుమ్ము, కాలవ అడుగు మట్టి ఎత్తుకుని కడిగేవాళ్లు కనపడతారు. నేను ఒకసారి ఒకాయన పక్కన అరగంట కూర్చున్నాను. పళ్లెంలో మట్టి వేసి, నీళ్లు పోసి, మణికట్టు దగ్గర మాత్రం కదిలేట్టు తిప్పుతాడు, తేలిక మట్టి అంచు మీద నించి జారిపోతుంది, మళ్లీ నీళ్లు, మళ్లీ తిప్పుడు, చివరికి అడుగున గోరంత నల్ల ఇసక మిగులుతుంది, దాన్ని ఒక పక్కకి ఒరిగిస్తే తోకలాగా సాగి ఆ తోక చివర రెండు మూడు పసుపు చుక్కలు. ఆయన ఆ చుక్కల్ని చూసిన చూపు నాకింకా గుర్తుంది. పనియలు చేసిందీ అదే పని, కాకపోతే చెక్క పళ్లెం, కొండవాగు, మోకాలి లోతు చల్లనీళ్లు. వాళ్లకి దక్కింది కూలి మాత్రమే, భూమి మీద హక్కంతా జన్మీలనే భూస్వాములది.

1830ల మొదట్లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఒక సైనికాధికారిని పంపి వెతికించారు, కొన్నాళ్లు చూసి ఇది గిట్టే పని కాదని వదిలేశారు. తర్వాత ఈ కొండల్లోకి కాఫీ తోటలొచ్చాయి. తోటల కోసం అడవి కొట్టినప్పుడు పలుగురాయి చారలు బయటపడ్డాయి, ఆస్ట్రేలియా గనుల్లో పనిచేసొచ్చిన ఒకరిద్దరు వాటిని చూసి గుర్తుపట్టారు. 1874లో ఆల్ఫా గోల్డ్ కంపెనీ అని ఒకటి దేవాలా దగ్గర మొదలైంది. ఆ మరుసటేడు జియలాజికల్ సర్వే నించి డాక్టర్ విలియం కింగ్ వచ్చి చూసి ఒక నివేదిక రాశాడు. ఈ కింగ్ మనకి కొత్తవాడు కాదండి, ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టింది ఈయనే, సింగరేణిలో ఒక బొగ్గు పొరని కింగ్ సీమ్ అంటారే, అది ఈయన పేరే.

అసలు మంట రాజుకుంది 1879లో. ప్రభుత్వం రాబర్ట్ బ్రౌ స్మిత్ అనే ఆయన్ని పిలిపించింది, ఆస్ట్రేలియాలో విక్టోరియా గనుల శాఖకి కార్యదర్శిగా చేసినాయన. ఆయన చారల మీది రాయి పరీక్ష చేయించి 1880లో ఇచ్చిన నివేదిక చాలా ఆశపెట్టేట్టుగా ఉంది. అప్పటికి కాఫీ ఆకుతెగులుతో, కాండం తొలిచే పురుగుతో తోటలు దెబ్బతిని దొరలు దిగాలుగా ఉన్నారు. నివేదిక రాగానే రాత్రికి రాత్రి కాఫీ తోట కాస్తా బంగారు భూమి అయిపోయింది! 1879 నించి 1881 లోపల దక్షిణ భారతంలో బంగారం కోసమని లండన్‌లో నలభై దాకా కంపెనీలు పుట్టాయి, వాటి మీద చూపించిన మూలధనం దాదాపు 50 లక్షల పౌండ్లు. ఇండియన్ గ్లెన్‌రాక్, దేవాలా మోయార్ ఇట్లాంటి పేర్లు. ఇందులో పెద్ద భాగం గనిలోకి పోనే లేదు, తోటలు అమ్మినవాళ్ల చేతుల్లోకీ మధ్యలో కంపెనీలు పుట్టించినవాళ్ల చేతుల్లోకీ పోయింది. లండన్‌లో ఏ పెన్షన్ మీద బతికే పెద్దాయనో దాచుకున్న నాలుగు పౌండ్లు పెట్టి షేర్లు కొంటే ఇక్కడ తెగులు పట్టిన కాఫీ తోట యజమాని అప్పులు తీర్చుకుని ఓడెక్కాడు.

తప్పు ఎక్కడ జరిగిందో గుంటూరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు అసలు. మిర్చి యార్డులో కొనేవాళ్లు టిక్కీ పైన కాయ చూసి రేటు కట్టరు కదా, చెయ్యి లోపలికి పెట్టి నడిమి కాయ లాగి చూస్తారు, పైన ఎప్పుడూ మంచి కాయే ఉంటుంది. కొండక్కూడా అంతే. చార పైభాగంలో రాయి కుళ్లినప్పుడు వేరే పదార్థాలు కొట్టుకుపోయి బంగారం మిగిలి చిక్కబడుతుంది. కిందికి పోయే కొద్దీ గట్టిరాయి, అందులో బంగారం తక్కువ, ఆ ఉన్నది కూడా పైరైట్ అనే గంధకం కలిసిన ఇనుప ఖనిజంలో ఇరుక్కుని ఉంటుంది.

ఆ రోజుల్లో బంగారం తీసే పద్ధతి చూడండి. స్టాంప్ మిల్లు అంటారు, మన రోకటి పోటే, కాకపోతే రోకళ్లు ఇనుపవి, ఒక్కోటి వందల కిలోలు, వరసగా ఐదేసి పెట్టి ఆవిరితోనో నీటిచక్రంతోనో లేపి పడేస్తారు. రాయి పిండవుతుంది, ఆ పిండిని నీళ్లతో కలిపి పాదరసం పూసిన రాగిరేకుల మీద పారిస్తారు, బంగారం పాదరసాన్ని పట్టుకుంటుంది, మిగతాదంతా జారిపోతుంది. తర్వాత ఆ ముద్దని గీకి తీసి, తోలుగుడ్డలో పిండి, వేడి చేస్తే పాదరసం ఆవిరై పోయి బంగారం మిగులుతుంది. కానీ పైరైట్‌లో ఇరుక్కున్న బంగారాన్ని పాదరసం పట్టుకోలేదు, అది నీళ్లలో కొట్టుకుపోయింది. దాన్ని కూడా పట్టగలిగే సైనైడ్ పద్ధతి గ్లాస్గోలో కనిపెట్టేసరికి 1887 వచ్చింది, అప్పటికే ఇక్కడ చాలా కంపెనీలు చేతులెత్తేశాయి.

ఒక లెక్క చెప్తాను. టన్ను రాయికి 4 గ్రాములు వచ్చిందనుకుందాం. అంటే అర కాసు. ఆ అర కాసు కోసం టన్ను రాయి కొండలోనించి పగలగొట్టి మోసుకొచ్చి పిండి చెయ్యాలి. ఆ యంత్రాలు సముద్రం దాటి వచ్చి కాలికట్ వైపు నించి ఘాట్ ఎక్కాలి. వాన మొదలైతే బండి కదలదు, కింద లోయల్లో మలేరియా, కూలీలు జ్వరాలతో వెళ్లిపోయేవాళ్లు. వచ్చిన బంగారం ఆ ఖర్చుకి ఎక్కడా సరిపోలేదు. కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి, యంత్రాలు అడవిలో తుప్పుపట్టాయి. మళ్లీ ఆశ చావక జియలాజికల్ సర్వే తరపున హేడెన్, హాచ్ అనే ఇద్దరు నిపుణులు వచ్చి ఈసారి పద్ధతిగా పరీక్షలు చేసి 1901లో నివేదిక ఇచ్చారు, వాళ్లూ లాభం లేదనే తేల్చారు. ఇరవై ఏళ్ల ముందు చెయ్యాల్సిన పని అది. అప్పుడే చేసుంటే మీరు చూసిన ఆ బొక్క ఉండేది కాదు.

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ నించి): అదే టైమ్‌లో, అదే బ్రిటిష్ వాళ్లు కోలార్‌లో కూడా తవ్వారు కదా సార్. అక్కడ వందేళ్లు పైన నడిచింది, ఇక్కడ నాలుగేళ్లు కూడా ఎందుకు నడవలేదు? అదృష్టమేనా?

జవాబు: అదృష్టం కొంత ఉంది, కాదనను. కానీ కోలార్ కూడా దాదాపు ఇదే గోతిలో పడబోయింది, ఆ సంగతి చాలామందికి తెలీదు. 1802లో జాన్ వారెన్ అనే సర్వే అధికారి ఆ ఊళ్లలో జనం మట్టి కడిగి బంగారం తీయడం చూశాడు. 1871లో న్యూజిలాండ్ యుద్ధాల్లో పనిచేసి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ లావెల్ అనే ఐరిష్ సిపాయి పట్టుబట్టి తిరిగి 1875లో మైసూరు ప్రభుత్వం నించి లైసెన్సు తెచ్చుకున్నాడు. 1880 నాటి బంగారం పిచ్చిలోనే కోలార్ కంపెనీలు కూడా లేచాయి, రెండు మూడేళ్లకి డబ్బులయిపోయి అక్కడా ఇదే ఏడుపు. అప్పుడు గనులు నడిపే జాన్ టేలర్ అండ్ సన్స్ అనే సంస్థ వాళ్లు, ఉన్న కాస్త డబ్బుతో ఇంకొంచెం చూద్దాం అని వాటాదారుల్ని ఒప్పించారు. ప్లమ్మర్ అనే గని కెప్టెన్‌ని పంపితే ఆయన తెలివైన పని చేశాడు, పూర్వం మనవాళ్లు తవ్వి వదిలేసిన పాత గుంటలు వెతికి వాటి కిందికి దిగాడు. చాంపియన్ రీఫ్ అనే పెద్ద బంగారు చార అక్కడ దొరికింది.

ఈ సంగతి ఎక్కడ చదివినా నాకు ఒకటే అనిపిస్తుంది, బంగారం ఎక్కడుందో కంపెనీ రాకముందు ఎవరో పేరు తెలియని మనుషులు ఉలితో సుత్తితో, రాయికి నిప్పు పెట్టి చల్లార్చి పగలగొట్టి తేల్చి పెట్టారు. వాళ్ల గుంటే దారి చూపించింది.

ఇంకో కారణం ఉంది. కోలార్ చార కిందికి పోయే కొద్దీ ఆగకుండా పోతూనే ఉంది, చివరికి నేల కింద 3 కిలోమీటర్ల పైన దాకా దిగారు. వాన అడవి కాదు, మెట్ట ప్రాంతం, రైలు దగ్గర. 1902లో శివనసముద్రం జలపాతం నించి కరెంటు వచ్చింది, మన దేశంలో చాలా ఊళ్లకి లాంతరు దీపాలే ఉన్న రోజుల్లో! మొత్తం మీద 800 టన్నుల బంగారం దాకా తీశారు. రాయిలో పాలు తగ్గీ తగ్గీ టన్నుకి 3 గ్రాముల దగ్గరికి వచ్చేసరికి 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. అంటే చూడండి, దేవాలాని మొదట్లోనే చంపిన లెక్కే కోలార్‌ని నూట ఇరవై ఏళ్ల తర్వాత చంపింది. ఇప్పుడక్కడ మిగిలినవి సైనైడ్ దిబ్బలు, గాలి వీస్తే ఆ బూడిదరంగు దుమ్ము ఇళ్లలోకి వస్తుంది, ఉద్యోగాలు పోయిన కుటుంబాలు రోజూ రైలెక్కి బెంగళూరు పోయి కూలి చేసుకుని వస్తున్నాయి.

ప్రశ్న (తెనాలి నించి): మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడు. ఫ్రెండ్స్‌తో కలిసి డిసెంబర్‌లో బైకుల మీద గూడలూరు వెళ్లి ఆ సొరంగాల్లోకి దిగి వీడియో తీస్తాం అంటున్నాడు. పంపించొచ్చా అండి?

జవాబు: ఊరు చూడ్డానికి పంపండి. సొరంగంలోకి మాత్రం వద్దు, ఒట్టు పెట్టించుకుని పంపండి.

మన పల్లెల్లో పాడుబడ్డ బావిలో పూడిక తీయడానికి దిగి ఒకడు పడిపోతే, వాడిని తీద్దామని ఇంకొకడు, ఆ తర్వాత ఇంకొకడు దిగి ముగ్గురూ పోయిన వార్త ఏడాదికొకసారైనా పేపర్లో చదువుతాం. గని లోపలా అదే గాలి. చెక్క కుళ్లినా, పైరైట్ తుప్పుపట్టినా లోపలి ఆక్సిజన్ తినేస్తుంది, వాసన రాదు, పొగ ఉండదు, కళ్లు తిరిగాయని తెలిసేసరికి కాళ్లు రావు. ముఖద్వారం దగ్గర చల్లగాలి వస్తోంది కదా అని లోపల గాలి బాగుందనుకోకూడదు. పైగా ఆ నేల నిండా నిలువు గుంటలున్నాయి, వాటి మీద తీగలూ పొదలూ అల్లుకుని పచ్చగా నేలలాగే కనపడతాయి. నూట నలభై ఏళ్ల వాన తాగిన మట్టి ఎప్పుడు జారుతుందో ఎవరికీ తెలీదు. రాత్రిళ్లు దొంగచాటుగా తవ్వేవాళ్లు ఆ గుంటల్లో ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఉన్నాయి, వాళ్లు ఆ కొండ ఎరిగినవాళ్లు.

అది ఏనుగులు తిరిగే చోటు కూడా. అడవి భూమిలోకి అనుమతి లేకుండా పోతే కేసు. ఇవన్నీ చెప్పండి, కానీ మీ అబ్బాయి ఆసక్తిని కోప్పడి చంపొద్దు. కోలార్ గనుల ఊరు కేజీఎఫ్ వైపు పంపండి, రోడ్డు మీద నించే దిబ్బలు, పాత షాఫ్టుల ఇనుప గోపురాలు కనపడతాయి. లేదంటే ఊటీలో దిగి పందలూరు దాకా మామూలు బస్సెక్కమనండి, ఆ దారి చూస్తేనే ఎద్దుబండ్ల మీద ఇనుప రోకళ్లు ఎలా లాగారా అని వాడికి తెలుస్తుంది.

ప్రశ్న (మంగళగిరి నించి): మన తెలుగువాళ్లకి ఈ గనులతో ఏమన్నా సంబంధం ఉందా? ఆంధ్రలో బంగారం ఉందా?

జవాబు: కోలార్ గనుల్లో తమిళుల తర్వాత చాలామంది మన చిత్తూరు వైపు నించి వెళ్లినవాళ్లే. కుప్పం దగ్గర బిసానత్తం, చిగురుకుంట దాకా అదే రాతి వరస వస్తుంది. అనంతపురం వైపు రామగిరిలో బ్రిటిష్ కాలంలోనే తవ్వారు, 1920ల్లో ఆపేశారు, స్వతంత్రం వచ్చాక మళ్లీ తెరిచారు, అదీ 2001లోనే మూతపడింది.

అన్నిటికంటే నాకిష్టమైనది జొన్నగిరి. కర్నూలు జిల్లాలో ఈ ఊరి చుట్టూ పురాతన బంగారు గుంటలు ఉన్నాయి. దాని పక్కనే ఎర్రగుడి రాళ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి, 1929లో వాటిని చూసి గుర్తుపట్టింది అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. అశోకుడి పాలనలో దక్షిణాదికి రాజధానిగా ఉన్న సువర్ణగిరి ఇదే కావచ్చు అని కొందరు పండితుల ఊహ. కర్ణాటకలో మస్కి శాసనం కూడా 1915లో దొరికింది బీడన్ అనే బంగారు గనుల ఇంజినీర్‌కే. అప్పటిదాకా శాసనాల్లో ప్రియదర్శి అని ఉన్నది అశోకుడే అనడానికి పేరుతో సహా రుజువు చూపింది ఆ మస్కి రాయే. బంగారం వెతుక్కుంటూ పోయినవాడికి అశోకుడు దొరికాడు, ఆ ఏడాది గనిలో ఎన్ని ఔన్సులు వచ్చాయో ఇవాళ ఎవరికి గుర్తుంది చెప్పండి.

ప్రశ్న (సత్తెనపల్లి నించి): మా దగ్గర కూడా ఇట్లా వదిలేసిన గని ఉందా?

జవాబు: బంగారం కాదుగానీ వజ్రాల గని ఉంది, మీకు బాగా దగ్గర్లోనే. కృష్ణ ఒడ్డున బెల్లంకొండ వైపు కొల్లూరు. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి వచ్చి అక్కడ ఆడ, మగ, పిల్లలు కలిపి 60 వేల మంది పని చేస్తున్నారని రాసుకున్నాడు. కోహినూర్ అక్కడిదే అని చాలామంది అంటారు, గట్టి ఆధారం మాత్రం లేదు. ఇప్పుడు ఆ నేల పులిచింతల నీళ్ల కింద ఉంది. దేవాలాని అడవి మింగింది, కొల్లూరుని రిజర్వాయర్ మింగింది. మీ ఊళ్లో పెద్దవాళ్లలో ముంపుకి ముందు ఆ గుంటలు చూసినవాళ్లు ఇంకా ఉంటారు, దయచేసి వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. ఈ శీర్షికకి పంపితే తప్పకుండా వేస్తాను.

ప్రశ్న (గవర్నర్‌పేట, విజయవాడ నించి ఒక రిటైర్డ్ టీచర్): కంపెనీలు పోయాయి, దొరలు పోయారు, సరే. ఆ కొండలో ముందు నించీ ఉన్న పనియలు, కురుంబల సంగతి ఏమైంది? ఎవరూ వాళ్ల గురించి రాయరు.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం అన్నిటికంటే ఆఖర్న పెట్టుకున్నాను.

వయనాడ్‌లో మానంతవాడి దగ్గర వళ్లియూర్‌కావు అనే అమ్మవారి గుడి ఉంది. ఏటా జాతర జరుగుతుంది. ఆ జాతరలో భూస్వాములు పనియ కుటుంబాలకి కాస్త బియ్యం, బట్ట, కొద్ది డబ్బు ముందుగా ఇచ్చి ఏడాది పాటు పనికి కుదుర్చుకునేవాళ్లు. తీసుకున్నాక ఏడాది పొడుగునా ఆ దొర పొలమే, ఆ దొర మాటే. ఏడాది అయ్యేసరికి బాకీ ఇంకా ఉంటుంది, మళ్లీ జాతర. బానిసత్వాన్ని చట్టం గుర్తించదని 1843లోనే ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం చెప్పింది, ఈ పద్ధతి మాత్రం దాదాపు ఇంకో వందేళ్ల పైన నడిచింది, వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు. వాగులో బంగారం కడిగిన చేతులు ఇట్లాంటి చేతులు. లండన్‌లో షేర్ల ధర పెరిగినప్పుడూ వాళ్ల కూలి అంతే, షేరు పడిపోయినప్పుడూ అంతే.

ఇప్పుడు మీరు గూడలూరు, పందలూరు వెళ్తే అక్కడ ఇంకో జనం కూడా కనపడతారు. వాళ్లు శ్రీలంక టీ తోటల నించి వచ్చిన తమిళ కూలీలు. 1964లో మన ప్రధాని శాస్త్రి గారూ శ్రీలంక ప్రధాని సిరిమావో బండారునాయకే చేసుకున్న ఒప్పందం కింద లక్షల మందిని ఇక్కడికి పంపేస్తే, వాళ్ల కోసమని తమిళనాడు ప్రభుత్వం నీలగిరిలో టీ తోటలు వేసింది. అట్లా నాలుగు తరాలు సముద్రం అవతల ఆకు కోసి, మళ్లీ ఇవతల ఆకు కోస్తున్నారు. పనియలకేమో వాళ్ల అడవే పోయింది. జన్మీ భూముల రద్దుకి 1969లో చట్టం వచ్చింది, కోర్టుల్లో ఏళ్లకేళ్లు నలిగింది, చాలా కుటుంబాలకి కాళ్ల కింద నేలకి ఇప్పటికీ పట్టా లేదు.

టీ ఆకు పని తగ్గినప్పుడు, కూలి చాలనప్పుడు కొంతమంది ఆ పాత గుంటల్లోకి దిగుతారు. కొవ్వొత్తో టార్చో పట్టుకుని, తాడు కట్టుకుని, లోపల గోడకి మిగిలిన పలుగురాయి ముక్కలు కొట్టి సంచిలో వేసుకుని వచ్చి, రోట్లో దంచి, పాదరసం కలిపి, ఇంట్లోనే పొయ్యి మీద కాలుస్తారు. ఆ ఆవిరి పిల్లలు పడుకునే గదిలోకే పోతుంది. పోలీసులు వచ్చి గుంటలు పూడుస్తారు, కొన్నాళ్లకి పక్కన ఇంకోటి తెరుచుకుంటుంది. దొంగ తవ్వకం అని కేసు రాస్తారు, నేరమే, కాదనను. కానీ 50 లక్షల పౌండ్ల పేరుతో ఆ కొండని చిల్లులు పొడిచినవాళ్లలో ఆ చిల్లులు పూడ్చి పొమ్మని అడిగించుకున్నవాడు ఒక్కడూ లేడు.

బ్రాడీపేట అమ్మగారు రాసిన ఆ బొక్కలోనించి కారే నీళ్లు కింద వాగులోకి పోతాయి. వాన తగ్గాక ఆ వాగు ఇసకలో పళ్లెం తిప్పితే ఇప్పటికీ రెండు మూడు పసుపు చుక్కలు మిగులుతాయి.